ఇటలీలో ఆ 59 మంది

పోయిన వారం ఒకమ్మాయి ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఉంటుంది, ఇరవై ఏడేళ్లు. నాకున్న జబ్బే తనకీ ఉంది, మా ఇద్దరి పరిచయమూ దానివల్లే. పెళ్లయిన మూడేళ్లలో రెండుసార్లు కడుపు పోయింది. "అక్కా, మా డాక్టరుగారు ఒక స్టడీలో చేరతావా అని అడిగారు, ఏదో మందు అంట, పేరు నాకు నోరు కూడా తిరగలేదు. మా అమ్మేమో నీ మీద ప్రయోగాలు చేస్తారే, వద్దే వద్దు అని ఒకటే ఏడుపు. మీరైతే ఏం చేస్తారు?" అని అడిగింది. అప్పటికి ఏదో చెప్పాను గానీ ఫోన్ పెట్టేశాక నాకే తృప్తిగా లేదు. ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఒక్క మాటలో తేలేది కాదు, దాని వెనక నా ఇన్నేళ్ల జబ్బు ఉంది, నేనెప్పుడూ చూడని, చూడబోని ఇటలీ మనుషులు కొందరు ఉన్నారు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

జబ్బు పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. మేమందరం ఏపీఎస్ అంటాం. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసేవాళ్లు దీన్ని ఒక జబ్బుగా గుర్తుపట్టి రాశారు, అందుకే హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటారు. క్రిముల మీద పోరాడాల్సిన యాంటీబాడీలు మన ఒంట్లోవే అయిన కొన్ని ప్రోటీన్ల మీద తిరగబడతాయి. ఆ ప్రోటీన్లు కణాల పైపొరలో ఉండే ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాల్ని పట్టుకుని ఉంటాయి, యాంటీబాడీలు వెళ్లి వాటికి అతుక్కునేసరికి రక్తం గడ్డ కట్టకూడని చోట కడుతుంది. కాలి సిరలో కట్టొచ్చు, ఊపిరితిత్తుల్లో కట్టొచ్చు, మెదడుకెళ్లే నాళంలో కడితే పక్షవాతం. కడుపుతో ఉన్నవాళ్లకి మాయ దెబ్బతిని బిడ్డ పోవచ్చు. రక్తంలో వెతికే యాంటీబాడీలు మూడు రకాలు, ఒకసారి పాజిటివ్ వస్తే సరిపోదు, 12 వారాల తర్వాత మళ్లీ చూసి అప్పుడు ఖాయం చేస్తారు. మూడూ ఉన్నవాళ్లని ట్రిపుల్ పాజిటివ్ అంటారు, అందరికంటే ఎక్కువ ప్రమాదం వాళ్లకే. నేను ట్రిపుల్ పాజిటివ్.

నాకు ఇది బయటపడిన తీరు చెప్పాలి, ఎందుకంటే ఇలా ఎంతమందికి జరిగి ఉంటుందో అని ఇప్పటికీ నా కడుపు మండుతుంది. 2011లో మొదటిసారి నెల తప్పినప్పుడు మామూలుగా చేసే రక్తపరీక్షల్లో వీడీఆర్ఎల్ పాజిటివ్ వచ్చింది. అది సిఫిలిస్ పరీక్ష. సుఖవ్యాధి. ఆ ల్యాబ్‌లో రిపోర్టు చేతికిచ్చిన మనిషి పదిమంది వినేలా "మీ ఆయన్ని కూడా తీసుకొచ్చి చేయించండి" అంది. మా ఆయనకి చేయించాం, నెగటివ్. ఇక ఆ ఇంట్లో నావైపు చూసిన చూపులు ఎలాంటివో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. మా అత్తయ్య మంచిది, ఒక్క మాట అనలేదు, కానీ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేకపోయింది. తర్వాత టీపీహెచ్ఏ అనే ఇంకో పరీక్ష చేస్తే నాకు ఆ జబ్బే లేదని తేలింది. అయితే మొదటిది ఎందుకు పాజిటివ్ వచ్చిందని ఎవ్వరూ ఆలోచించలేదు, "అప్పుడప్పుడు అలా తప్పుగా వస్తుందిలే" అని వదిలేశారు. అసలు సంగతేంటంటే వీడీఆర్ఎల్ పరీక్షలో వాడే పదార్థంలో కార్డియోలిపిన్ అనే ఫాస్ఫోలిపిడ్ ఉంటుంది. నా ఒంట్లో ఉన్న యాంటీబాడీలు దాన్నే పట్టుకున్నాయి. ఆ రోజు ఒక్కరైనా ఇంకొక్క ప్రశ్న వేసుకుని ఉంటే నా జబ్బు అక్కడే దొరికేది. దొరకలేదు. పదకొండో వారంలో ఆ కడుపు పోయింది, మరుసటేడు ఇంకొకటి, ఐదో నెలలో. 2013లో ఎడమ కాలు పిక్క ఎర్రగా వాచి రాయిలా అయింది, నరం పట్టేసిందనుకుని నాలుగు రోజులు నూనె రాసి మర్దన చేశాం. అది క్లాట్, అంటే గడ్డ కట్టిన రక్తం. అలా మర్దన చేయకూడదట. ఎవరికైనా ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే దయచేసి మర్దన చేయకండి, డాప్లర్ స్కాన్ చేయించండి.

అప్పటి నుంచి అసిట్రోమ్ నా జీవితంలోకి వచ్చింది. అమెరికా, ఇంగ్లండ్ వాళ్లు వార్ఫరిన్ వాడతారు, మన దగ్గర ఎక్కువగా రాసేది దాని చెల్లెలు లాంటి ఈ మాత్ర. రెండూ విటమిన్ కె పనిని అడ్డుకుని రక్తాన్ని గడ్డ కట్టనివ్వవు. ఎంత పనిచేస్తోందో తెలియాలంటే ఐఎన్ఆర్ అనే పరీక్ష చేయించుకుంటూనే ఉండాలి, అది 2కీ 3కీ మధ్య ఉండాలి, తగ్గితే క్లాట్ భయం, పెరిగితే రక్తస్రావం భయం. విటమిన్ కె ఎక్కువగా ఉండేది ఆకుకూరల్లో. గుంటూరు జిల్లాలో పుట్టి గోంగూర, తోటకూర, పాలకూర లెక్కపెట్టుకుని తినడం అంటే ఏంటో ఊహించుకోండి. (మానేయక్కర్లేదు, వారానికి ఎంత తింటున్నామో అంతే తినాలి, ఒక వారం అసలు లేకుండా ఇంకో వారం రోజూ తింటేనే ఇబ్బంది. ఈ సంగతి నాకు రెండేళ్లదాకా ఎవరూ చెప్పలేదు, పిచ్చిదాన్లా అన్నీ మానేసి కూర్చున్నా.) కార్తీక మాసం ఉపవాసాలు చేస్తే ఐఎన్ఆర్ కదిలిపోతుంది, జ్వరమొచ్చి యాంటీబయాటిక్ వేసుకుంటే పెరిగిపోతుంది. ఒకసారి నీళ్ల విరేచనాలకి మందు వాడిన వారానికి పళ్లు తోముకుంటుంటే చిగుళ్లలోంచి రక్తం ఆగలేదు, చూస్తే ఐఎన్ఆర్ 6 దాటింది. నెలకోసారి, ఒక్కోసారి వారానికోసారి ల్యాబ్‌కి పోయి చెయ్యి చాపడం, సాయంత్రం దాకా రిపోర్టు కోసం టెన్షన్, డాక్టరుకి వాట్సాప్ చేయడం, "రేపటి నుంచి ఒకరోజు 3, ఒకరోజు 2" అని సమాధానం, దాన్ని క్యాలెండరు మీద రాసుకోవడం. ఇదీ బతుకు.

అందుకే 2017లో ఒక పెద్ద ఆసుపత్రిలో, పేరు వద్దులెండి, ఒక డాక్టరు "ఇంకా ఈ పాత మాత్ర ఎందుకమ్మా, కొత్తవి వచ్చాయి, పరీక్షలక్కర్లేదు, ఆకుకూరలు ఎంతైనా తినొచ్చు" అని రివరాక్సబాన్ రాసిచ్చినప్పుడు నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఆ రోజు సాయంత్రం మా అమ్మ గోంగూర పప్పు చేసింది. ఇరవై నెలలు వాడాను. ఏమీ కాలేదు. ఆ ఇరవై నెలల్లో నేను జబ్బు మనిషినన్న సంగతే మర్చిపోయాను.

ఆ డాక్టరు మోసం చేశాడని నేననను. ఆ మందు మంచి మందే. 2010లో వచ్చిన ఐన్‌స్టైన్ అనే ట్రయల్‌లో కాలి సిరల్లో క్లాట్ వచ్చిన 3,449 మంది మీద పరీక్షించారు, 2012లో ఊపిరితిత్తుల క్లాట్ వచ్చిన 4,832 మంది మీద ఇంకో ట్రయల్. పాత మందుల కంటే తీసిపోదని స్పష్టంగా తేలింది. ప్రపంచమంతా ఎన్నో లక్షల మంది హాయిగా వాడుతున్నారు. కానీ ఆ వేల మందిలో ఎక్కువమంది స్పష్టమైన కారణం ఏదీ దొరకకుండా క్లాట్ వచ్చినవాళ్లు, మిగతావాళ్లు ఆపరేషన్ అయ్యాకనో, మంచాన పడ్డాకనో వచ్చినవాళ్లు. మాలాంటి యాంటీబాడీలున్న వాళ్లు బహు కొద్దిమంది. ట్రయల్ జవాబు చెప్పేది అందులో ఉన్నవాళ్ల గురించే. మా గురించి ఎవరూ అడగకముందే మందు మా చేతికొచ్చేసింది.

2018 చివర్లో మామూలుగా చూపించుకోడానికి మా రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లా. చీటీలో మందు పేరు చూడగానే డాక్టరమ్మ మొహం మారిపోయింది. "ఇది ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావమ్మా?" అని అడిగి, అక్కడికక్కడే మళ్లీ అసిట్రోమ్ రాసి, ఐఎన్ఆర్ కుదిరేదాకా రక్తాన్ని గడ్డ కట్టనివ్వని హెపారిన్ ఇంజెక్షన్లు రాసింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. మళ్లీ ఐఎన్ఆర్, మళ్లీ ఆ క్యాలెండరు. ఎందుకు అని గట్టిగానే అడిగాను. ఆవిడ నన్ను కసురుకోలేదు, కంప్యూటర్ నావైపు తిప్పి ఒక పేపర్ చూపించింది. అప్పటికి రెండు మూడు నెలల కిందటే అచ్చయింది.

ఆ ట్రయల్ పేరు ట్రాప్స్. ఇటలీలో పాదువాకి చెందిన విత్తోరియో పెంగో అనే డాక్టరు, ఆయనతో పాటు ఆ దేశంలోని మరికొన్ని ఆసుపత్రుల వాళ్లు చేశారు. తీసుకున్నది నాలాంటి వాళ్లనే, అచ్చంగా నాలాంటి వాళ్లని, ట్రిపుల్ పాజిటివ్ అయ్యి ఒకసారైనా క్లాట్ వచ్చినవాళ్లని. మొత్తం 120 మంది. ఎవరికి ఏ మందు అన్నది డాక్టరు ఇష్టం కాదు, పేషెంటు ఇష్టం కాదు, చీటీలు తీసినట్టు పంచుతారు. 59 మందికి రివరాక్సబాన్ పడింది, 61 మందికి వార్ఫరిన్. ఏడాదిన్నర పైగా చూశారు. వార్ఫరిన్ వాళ్లలో ఒక్కరికి కూడా కొత్త క్లాట్ రాలేదు. రివరాక్సబాన్ వాళ్లలో ఏడుగురికి వచ్చింది, నలుగురికి పక్షవాతం, ముగ్గురికి గుండెపోటు. పెద్ద రక్తస్రావాలు కూడా వార్ఫరిన్ వైపు రెండైతే ఇటువైపు నాలుగు. ఎవరూ చనిపోలేదు, అది ఒక్కటే మేలు.

ఇలాంటి ట్రయల్స్‌కి బయటి నిపుణుల కమిటీ ఒకటి ఉంటుంది, మధ్యమధ్యలో లెక్కలు తెరిచి చూడటమే వాళ్ల పని. ఆ కమిటీ చూసి 2018 జనవరిలో ఆపేయమంది. ఆపేశారు.

ఆ పేపర్ నాకప్పుడు సగమే అర్థమైంది. ఇంటికొచ్చాక మా తమ్ముణ్ని కూర్చోబెట్టుకుని మళ్లీ చదివాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని. చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా ఇరవై నెలలు, వాళ్ల పందొమ్మిది నెలలు దగ్గర దగ్గర ఒకటే. అదే మందు, అదే 20 మిల్లీగ్రాములు, అవే మూడు యాంటీబాడీలు. వాళ్లలో సుమారు ఎనిమిది మందికి ఒకరికి పక్షవాతమో గుండెపోటో వచ్చింది. ఆ ఒకరు నేనెందుకు కాలేదో ఎవరూ చెప్పలేరు.

అప్పుడు నాకు తట్టిన సంగతి ఇది, ఆ అమ్మాయికి చెప్పాలనుకున్నదీ ఇదే. ప్రయోగం నా మీద కూడా జరిగింది. తేడా ఏంటంటే వాళ్లకి ముందే కాగితం మీద అన్నీ రాసి చూపించి సంతకం పెట్టించుకున్నారు, నన్ను ఎవరూ అడగలేదు. వాళ్లని క్రమం తప్పకుండా పిలిచి చూశారు, నాకు "ఆరు నెలలకోసారి రండి చాలు" అన్నారు. వాళ్లలో ఒకరికి చెయ్యి పడిపోతే అది ఒక లెక్కలో ఎక్కింది, ఆ లెక్క ఇంకొకరు చూశారు, చూసి ఆపారు. నాకే గనక పక్షవాతం వచ్చి ఉంటే "పాపం, జబ్బు అలాంటిది" అనేవాళ్లు, అంతే, మందు మీద ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు. నాలాంటి వాళ్లు ఎన్ని దేశాల్లో ఎంతమంది అలా పడిపోయారో ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఏడుగురిదే ఉంది. నా చెయ్యీ కాలూ ఇవాళ ఆడుతున్నాయంటే, నా కూతుర్ని నేను ఎత్తుకుని తిరిగానంటే, వాళ్లకి జరిగింది లెక్కలోకి రావడం వల్ల. వాళ్ల పేర్లు నాకెప్పటికీ తెలియవు. ఏటా వినాయక చవితి రోజు ఇంట్లో అందరి పేరునా దణ్ణం పెట్టుకున్నాక వాళ్లకోసం కూడా ఒకటి పెట్టుకుంటాను.

ఒక్క ట్రయల్ చూసి నమ్మేయొచ్చా అని కొందరు అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. దానికంటే ముందు, 2016లో, లండన్‌లో హానా కోహెన్ అనే డాక్టరు నడిపిన ర్యాప్స్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అందులో 116 మంది, ఇదే మందు, ఆరు నెలల పైచిలుకు చూస్తే ఏ వైపూ ఒక్క క్లాట్ కూడా లేదు. నాకు మందు మార్చినాయన బహుశా దాన్ని చూసే ధైర్యం తెచ్చుకున్నాడేమో. కానీ అందులో తీసుకున్నది సిరల్లో క్లాట్ వచ్చినవాళ్లనే, ధమనుల్లో వచ్చినవాళ్లని తీసుకోలేదు. పైగా ముఖ్యంగా చూసింది రక్తపరీక్షలో ఒక అంకెని, మనుషులకి క్లాట్ వచ్చిందా లేదా అన్నది తేల్చేంత మందీ లేరు, అంత కాలమూ లేదు. ట్రాప్స్ తర్వాత 2019లో స్పెయిన్ నుంచి 190 మందితో ఇంకోటి వచ్చింది, మూడేళ్లు చూశారు, రివరాక్సబాన్ వైపు తొమ్మిది పక్షవాతాలు, రెండోవైపు సున్నా. ఆ ఏడాదే యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఏపీఎస్ ఉన్నవాళ్లకి, అందులోనూ ట్రిపుల్ పాజిటివ్ వాళ్లకి, ఈ కొత్త తరహా మాత్రలు వద్దని చెప్పింది. పోనీ రివరాక్సబాన్ కాకపోతే అదే తరహా అపిక్సబాన్ ఎలా ఉంటుందని అమెరికాలో యూటాలో చూశారు, 48 మందే, అపిక్సబాన్ వేసుకున్న 23 మందిలో ఆరుగురికి పక్షవాతం, వార్ఫరిన్ వైపున్న 25 మందిలో ఎవరికీ లేదు. మధ్యలో డోసు పెంచి చూశారు, ధమనుల్లో క్లాట్ వచ్చినవాళ్లని చేర్చుకోవడం మానేశారు, అయినా ఫలితం మారలేదు. 2023లో నాలుగు ట్రయల్స్‌నీ కలిపి, 472 మందిని, ఒకే లెక్కగా చూశారు. సిరల్లో క్లాట్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, పక్షవాతం లాంటి ధమనుల క్లాట్లు మాత్రం కొత్త మాత్రలతో బాగా ఎక్కువ.

ఒక ముఖ్యమైన మాట. ఇది చదివి ఎవరూ మీ మాత్ర మీరే ఆపేయకండి. గుండె దడ కోసమో మామూలు క్లాట్ కోసమో రివరాక్సబాన్, అపిక్సబాన్ వేసుకునేవాళ్లకి ఈ లెక్క వర్తించదు. ఏపీఎస్ ఉండి ఇవి వాడుతుంటే డాక్టర్ని అడగండి, వాళ్లే మారుస్తారు, ఒకటి ఆపి ఇంకోటి మొదలుపెట్టే మధ్య రోజులు జాగ్రత్తగా దాటాలి.

కొత్తది రాకూడదని కాదు నా బాధ. పాతదాన్ని కూడా ఎవరో ఒకరు ఇలాగే తేల్చారు. ఒకప్పుడు ఏపీఎస్ వాళ్లకి ఐఎన్ఆర్ 3 పైనే ఉంచాలనేవాళ్లు, రక్తం ఎంత పల్చబడితే అంత క్షేమం అని. కెనడాలో 114 మందిని రెండు భాగాలు చేసి చూస్తే, 2003లో, ఎక్కువ డోసు వాళ్లకి మేలేమీ కనపడలేదు, వాళ్లలో ఆరుగురికి మళ్లీ క్లాట్లు వచ్చాయి, 2 నుంచి 3 మధ్య ఉంచినవాళ్లలో ఇద్దరికే. నా ఐఎన్ఆర్ 2.4 వస్తే నేను ఊపిరి పీల్చుకుంటున్నానంటే ఆ 114 మంది పుణ్యమే.

నా కూతురు కూడా అలాంటి లెక్క వల్లే పుట్టింది. కడుపుతో ఉన్నప్పుడు అసిట్రోమ్ బిడ్డకి మంచిది కాదు, ఆపేసి ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. 1997లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రి వాళ్లు 90 మంది ఆడవాళ్ల మీద చేసిన ట్రయల్ ఉంది, అందరికీ మళ్లీమళ్లీ కడుపులు పోయినవే. ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చిన 45 మందిలో 19 మందికి బిడ్డలు దక్కారు, దానికి హెపారిన్ కూడా కలిపిన 45 మందిలో 32 మందికి. నాకు 2015లో పాప పుట్టేదాకా బొడ్డుకి అటూ ఇటూ రోజుకి రెండు సూదులు, నాలుగు వందల పైనే అయ్యుంటాయి, పొట్టంతా నల్లగా కమిలిపోయేది. మా ఆయన పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు ఒకటి వేసేవాడు, రాత్రి నేనే వేసుకునేదాన్ని. ఆ 32 అన్న అంకె నాకప్పుడు తెలియదు, తెలిసుంటే ఇంకొంచెం ధైర్యంగా ఉండేదాన్నేమో. అయితే అన్ని ట్రయల్సూ ఒకే మాట చెప్పవు, 2002లో లివర్‌పూల్ వాళ్లు 98 మందితో చేస్తే ఆస్పిరిన్ ఒక్కటి వాడినా, హెపారిన్ కలిపినా పెద్ద తేడా కనపడలేదు. ఎలాంటివాళ్లని తీసుకున్నారు, మందు ఎప్పుడు మొదలుపెట్టారు అన్నదాన్ని బట్టి ఫలితాలు మారతాయి. అందుకే ఒకరికి బాగైందని ఇంకొకరికి అదే వర్తిస్తుందని నేను ఎవరితోనూ అనను.

హెపారిన్, ఆస్పిరిన్ రెండూ వాడినా కొందరికి బిడ్డలు దక్కరు. వాళ్లకోసం అమెరికా, కెనడాల్లో ఇంపాక్ట్ అని ఒక ట్రయల్ చేశారు, 51 మందికి సెర్టోలిజుమాబ్ అనే మందు కలిపి ఇచ్చారు, కీళ్లవాతానికి వాడే ఇంజెక్షనే అది, మాయ దాటి బిడ్డకి దాదాపుగా చేరదు. తీవ్రమైన బీపీ సమస్యలు, బిడ్డ కడుపులోనే పోవడం లాంటివి మామూలుగా నూటికి 40 మందికి వస్తాయనుకున్న చోట 20 మందికే వచ్చాయి. ఆశ కలిగించే మాటే. కానీ పక్కన మందు ఇవ్వని గుంపు లేదు, పాత లెక్కలతో పోల్చారు, కాబట్టి దీని తర్వాత ఇంకా పెద్దది జరగాలి. ఇంకోవైపు అసలు యాంటీబాడీలనే తగ్గించాలని చూసేవాళ్లున్నారు. రిటుక్సిమాబ్‌తో 19 మంది మీద చిన్న స్టడీ చేస్తే కొన్ని లక్షణాలు తగ్గాయి గానీ యాంటీబాడీలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు మైలోమా అనే క్యాన్సర్‌కి వాడే డారాటుముమాబ్‌ని ఏపీఎస్ వాళ్ల మీద చూస్తున్నారు, యాంటీబాడీలు తయారుచేసే కణాల్నే అది పట్టుకుంటుంది. అది పనిచేస్తే మా జబ్బుకి మొదటిసారి మూలం దగ్గర మందు దొరికినట్టు. దానికోసం నేను ఎదురుచూస్తున్నా, చాలా ఎదురుచూస్తున్నా.

ఇప్పుడు ఆ అమ్మాయి వాళ్లమ్మ సంగతి. ఆవిడది ఖమ్మం జిల్లా. ఆవిడ భయాన్ని చాదస్తం అని కొట్టిపారేయలేను. 2009లో వాళ్ల జిల్లాలోనే పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు, చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు, తల్లిదండ్రులకి సరిగ్గా తెలియదు, ఎన్నో ఫారాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. కొందరు పిల్లలు చనిపోయారు, ఆ చావులకి టీకాతో సంబంధం లేకపోవచ్చనే విచారణలో తేల్చారు, అయినా 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ ఆ సంతకాల తీరుని గట్టిగా తప్పుపట్టింది. బిడ్డ ప్రమేయం లేకుండా, తల్లికి చెప్పకుండా జరిగినదాన్ని చూసిన ఊళ్లో మనిషి ఆవిడ. భయపడక ఏం చేస్తుంది?

అందుకే నిన్న నేనే మళ్లీ ఫోన్ చేసి "మీ అమ్మగారికివ్వు" అన్నాను. "వదినగారూ, నన్ను కూడా మీ అమ్మాయిలాగే అనుకోండి" అని మొదలుపెట్టి నా రివరాక్సబాన్ కథంతా చెప్పాను. మధ్యలో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత ఏమేం అడగాలో అమ్మాయికి చెప్పాను. ఆ స్టడీ సీటీఆర్ఐలో, అంటే మన దేశంలో జరిగే ట్రయల్స్‌ని నమోదుచేసే ప్రభుత్వ పట్టికలో, నమోదైందా, 2009 నుంచి మన దేశంలో అది తప్పనిసరి, నంబర్ ఇస్తే నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కాగితం తెలుగులో ఇస్తారా, ఇంటికి తీసుకెళ్లి చదువుకోనిస్తారా. ఇప్పుడు వాడుతున్న మందులు ఆపి కొత్తది ఇస్తారా, వాటితో పాటే ఇస్తారా. ఈ రెంటికీ చాలా తేడా ఉంది, నేనైతే హెపారిన్ ఆపేస్తామంటే చేరను, దానికి తోడుగా ఇస్తామంటే ఆలోచిస్తాను. ఇంతకుముందు ఎంతమందికి ఇచ్చారు, వాళ్లకేమైంది. మధ్యలో లెక్కలు చూసే కమిటీ ఉందా, ఏది జరిగితే ఆపుతారు. నచ్చకపోతే కారణం చెప్పకుండా బయటికి వచ్చేయొచ్చు, వచ్చేసినా మామూలు వైద్యం ఆపకూడదు, 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల నష్టం జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, పరిహారం కూడా ఇవ్వాలి, ఇవన్నీ కాగితంలో ఉన్నాయో లేదో చూసుకోమన్నాను. చేరమని చెప్పలేదు, చేరొద్దనీ చెప్పలేదు. ఆ మందేంటో తెలియకుండా నేనెలా చెబుతాను?

వచ్చే గురువారం ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఫారం ఫోటో తీసి పంపిస్తే నేనూ చదువుతానన్నాను. పొద్దున అమ్మాయి మెసేజ్ పెట్టింది, నేను చెప్పిన ప్రశ్నలన్నీ వాళ్లమ్మే ఒక కాగితం మీద తన చేత్తో రాసుకుందట. నేను చెప్పనిది ఒకటి అన్నిటికంటే పైన రాసింది: బిడ్డ పుట్టాక ఎన్నేళ్లదాకా చూస్తారు, చూసేదెవరు.